గెడ్డం బ్రష్షు

మా ఊరి మంగలి మా గెడ్డాలు చేసేవాడు కాదు. ఇప్పటి పిల్లలకు ఇది చిన్న సంగతిలాగా కనపడుద్ది. చెరువులో నీళ్లు ముంచుకోనివ్వకపోవటం, గుళ్లోకి రానివ్వకపోవటం, కాఫీ హోటల్లో గ్లాసు వేరే పెట్టటం, ఇవన్నీ మావాళ్లు కథల్లో రాశారు, సభల్లో చెప్పారు. గెడ్డం సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వొస్తది. కానీ నాకు అంటరానితనం అనగానే ముందు గుర్తుకొచ్చేది మొహమే. రోజూ పెరిగేది, రోజూ నలుగురికీ చూపించాల్సింది అదేగదా.

మాది అప్పటి గురజాల తాలూకా. 2022 ఏప్రిల్ నుంచి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అయింది. మా వైపు పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. మిగతాదంతా ఊరు. మంగలి ఊరివాడు. ఇంటింటికీ పొది పట్టుకుని పోయి రైతుల గెడ్డాలు, తలలు చేసేవాడు. పంటలప్పుడు కళ్లంలో మేర తీసుకునేవాడు. మా నాయినకీ అదే కళ్లంలో మేర ఉండేది. చెప్పులు కుట్టినందుకు, మోటలకి తోలు కుట్టినందుకు, చచ్చిన గొడ్డును ఈడ్చినందుకు. ఒకే రాశి దగ్గర ఇద్దరూ చేటలు పట్టుకుని నిలబడేవాళ్లు. ఇద్దరూ ఊరికి చాకిరీ చేసేవాళ్లే. అయినా ఆయన చెయ్యి మా మొహాన్ని తాకకూడదు.

మరి పల్లెలో గెడ్డాలు ఎట్టా? పెద్దరైతుల పిల్లలు వాడి పారేసిన బ్లేడు తెచ్చుకునేవాళ్లు. దాన్ని మధ్యకి విరిచి, చీల్చిన వెదురుపుల్లలో ఇరికించి దారం చుట్టేవాళ్లు. అదే కత్తి. చెంబులో చెయ్యి ముంచి మొహం తడుపుకుని, ఒంటికి రుద్దుకునే సబ్బుముక్క ఉంటే అది రుద్ది, లేకపోతే ఉత్త నీళ్లతోనే గీక్కునేవాళ్లు. గీకటమే. గెడ్డం తెగేది తక్కువ, చర్మం తెగేది ఎక్కువ. దవడకింద చిన్నచిన్న పుండ్లు, లోపలికి తిరిగి పెరిగిన వెంట్రుకల దగ్గర చీముపొక్కులు. పల్లెలో మగాళ్లందరి మెడలూ అట్టాగే ఉండేవి.

ఆ మెడల్తోనే మిరప కళ్లానికి పోవాలి. మా వైపు మిరపతోటల సంగతి తెలిసినవాళ్లకి చెప్పాల్సిన పనిలేదు. ఎండుకాయ ఏరేటప్పుడు, తొక్కి టిక్కీల్లో నింపేటప్పుడు లేచే ఘాటు కళ్లల్లో, ముక్కుల్లో పడుద్ది. పొద్దున గీక్కున్న గెడ్డం మీద పడితే ఇంక చెప్పేదేముంది? రెంటచింతల పక్క ఎండలంటే రాష్ట్రమంతా తెలుసు. ఆ ఎండలో చెమట కారి, ఆ చెమటలో కారం కలిసి, తెగినచోటల్లా నిప్పు పెట్టినట్టుండేది. అందుకని మిరప కళ్లాలు నడిచినన్నాళ్లూ పల్లెలో చాలామంది గెడ్డాలు పెంచేవాళ్లు. అప్పుడు ఊళ్లోవాళ్లు, "ఏందిరా మాదిగోళ్లు మొహాలు కూడా శుభ్రం చేసుకోరు" అనేవాళ్లు. చేసేవాణ్ణి చెయ్యనివ్వకుండా ఆపిందీ వాళ్లే, చేసుకోలేదని ఈసడించిందీ వాళ్లే.

మా ఇంట్లోకి బ్రష్షు వచ్చింది మా మేనమామ వల్ల. ఆయన నాగార్జునసాగర్ డ్యాము పనికి పోయినాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ డ్యాము, 1967 ఆగస్టులో కాలవలకి నీళ్లు వదిలేదాకా, వేలమంది కూలీల నెత్తుల మీద లేచింది. రాతికట్టు డ్యాము. రాళ్లు మోసినవాళ్లలో మావాళ్లు ఎంతమందో. ఆ కూలీల గుడిసెల దగ్గర ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఉండేవాళ్లు. ఎవడి కులమేందో ఎవడికీ వెంటనే తెలిసేది కాదు. అక్కడ ఒకాయన బ్రష్షుతో నురగ తీసి గెడ్డం చేసుకోవటం మా మామ చూసినాడు. మాచర్ల బజారులో ఒక బ్రష్షు, ఒక గుండుసబ్బు, ఇనప రేజరు, రెండు బ్లేడ్లు కొన్నాడు. సెలవుకు వచ్చినప్పుడు మా నాయినకి ఇచ్చి పోయినాడు.

మా నాయినకి చదువు లేదు. కానీ ఆ బ్రష్షును చూడగానే దాని పనేందో ఆయనకి అర్థమైంది. ఎందుకంటే ఆయన తోళ్లు ఊనేవాడు. తోలుపని తెలిసినవాడికి వెంట్రుక సంగతి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తది? పచ్చితోలు తెచ్చి కడిగి, లందలో సున్నపునీళ్లలో రోజుల తరబడి నానేస్తారు. మా పిడుగురాళ్ల సున్నమే. నానినాక వెంట్రుక కుదురు వదులుద్ది. అప్పుడు తోలును వాలుదుంగ మీద పరిచి, మొద్దుకత్తితో తోస్తే వెంట్రుకంతా ఊడి వస్తది, తోలుకు గాటు పడదు. ఆ తరవాతే తంగేడుచెక్క నీళ్లలోకి. నానని తోలు మీద కత్తి పెడితే తోలు పోద్ది, కూలి పోద్ది.

"మనిషి మొహమూ తోలేగదరా. నానకుండా కత్తి పెట్టమాక" అనేవాడు మా నాయిన.

తరవాత నేను చదువుకుని సైన్సు చెప్పే పంతులునయ్యాక ఆయన మాటలో ఎంత ఉందో తెలిసింది. పొడి వెంట్రుక గట్టిది. రెండు మూడు నిమిషాలు తడిలో ఉంటే నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుద్ది. అప్పుడు బ్లేడుకి తక్కువ బలంతో తెగుద్ది. సున్నమూ క్షారమే, సబ్బూ క్షారమే. సున్నానికి ఉన్నంత ఘాటు సబ్బుకి లేదు కాబట్టి మొహం కాలదు, వెంట్రుక ఊడదు, మెత్తబడుద్ది అంతే. బడిలో పాఠం చెప్పేటప్పుడు క్షారాలు రాగానే నేను లంద సంగతి చెప్పేవాణ్ణి. కొంతమంది పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్లు. "ముక్కు మూసుకోండి, చెవులు మాత్రం తెరిచి పెట్టండి" అనేవాణ్ణి.

నాకు మూతి మీద నూగు ముదిరి గెడ్డం వచ్చిన ఏడు, 1978లో, మా నాయిన నన్ను వేపచెట్టు కింద కూచోబెట్టి నేర్పించినాడు. ఆయన పద్ధతి ఇది. ముందు బ్రష్షును గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో వేసి వదిలెయ్యాలి. పందివెంట్రుక బ్రష్షు అది, బిరుసుగా ఉంటది, నానితేగాని లొంగదు. అది నానేలోపల మొహం కడుక్కోవాలి. తడిగుడ్డ వేడిగా పిండి గెడ్డం మీద కాసేపు అద్దుకోవాలి. బ్రష్షు తీసి ఒక్క విదుపు విదపాలి. మరీ పిండితే నురగ రాదు, మరీ కారుతుంటే నిలవదు. గుండుసబ్బు మీద గుండ్రంగా తిప్పి, మొహం మీద కూడా గుండ్రంగానే తిప్పాలి. తొందర పడకూడదు. "వెంట్రుకలు పడుకుని ఉంటయిరా. బ్రష్షు వాటిని లేపి నిలబెట్టుద్ది. నిలబడినదాన్ని కొయ్యటం తేలిక" అన్నాడు. నురగ ఎండుతుంటే ఇంకో చుక్క నీళ్లు. అరచేత్తో రుద్దితే సబ్బు పైపైన జారుద్ది. బ్రష్షు కుచ్చయితే ప్రతి వెంట్రుక మొదలుకీ నీళ్లు అందిస్తది.

తరవాత రేజరు. చెంప చర్మాన్ని రెండువేళ్లతో లాగి పట్టుకుని, వెంట్రుక ఎటు వాలి ఉంటే అటే, చిన్నచిన్న గీతలుగా. మెడకింద వెంట్రుక అడ్డదిడ్డంగా తిరిగి ఉంటది, అక్కడ వేలితో తడిమి చూసుకోవాలి. రేజరును నొక్కకూడదు, దాని బరువే చాలు. ఎదురు గీకితే నునుపు వస్తది కానీ మా ఉంగరాల వెంట్రుకలకి మళ్లీ లోపలికి తిరిగి పొక్కులు లేస్తయి. అయిపోయినాక చన్నీళ్లు, పటికముక్క. బ్రష్షును బాగా కడిగి, విదిలించి, కుచ్చు కిందికి ఉండేట్టు చూరుకు వేలాడదీయాలి. తడితో మూల పడేస్తే కుళ్లిన వాసన కొడుద్ది.

ఆ రోజు మధ్యాహ్నమే నేను మిరప కళ్లానికి పోయినాను. మొహం మండలేదు.

శనివారం సాయంత్రం అయ్యేటప్పటికి మా ఇంటి ముందు వేపచెట్టు కింద జనం చేరేవాళ్లు. మర్నాడు గుడి. మా పల్లె ఎప్పటి నుంచో లూథరన్లు. ఫాదర్ హయ్యర్ 1849 ప్రాంతంలో గురజాల వచ్చి మకాం పెట్టిన కాలం నుంచి పల్నాట్లో మావాళ్లు ఆ గుళ్లకి పోతున్నారు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని బెంచీ మీద కూచోవాలంటే మొహం శుభ్రంగా ఉండాలిగదా. మా అమ్మ రెండు కాగుల నీళ్లు కాచేది. మా నాయిన ఒక్కొక్కరికీ నురగ పెట్టేవాడు. ఒకరికి చేసినాక బ్రష్షును, రేజరును మరిగే నీళ్లలో ముంచి తీసేవాడు. అది ఎవరూ చెప్పింది కాదు, లంద పనిలో పుండు ఒకరి నుంచి ఒకరికి అంటుకోవటం చూసినవాడికి వచ్చిన తెలివి. డబ్బులు తీసుకునేవాడు కాదు. బ్లేడు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

మా పల్లెలో పెళ్లికొడుకుల గెడ్డాలన్నీ ఆయన చేతి మీదే అయినయ్. చచ్చిపోయినవాళ్లకీ ఆయనే చేసేవాడు. శవానికి చేసేటప్పుడు కూడా వెచ్చటి నీళ్లే వాడేవాడు. "ఆయనకేం తెలుస్తదయ్యా, చన్నీళ్లు పెట్టు" అని ఎవరో అంటే, "నాకు తెలుస్తదిగదా" అన్నాడు.

చిన్నపిల్లల తలలు మా అమ్మ చేసేది. మోకాళ్ల మధ్య మా తలలు ఇరికించి, పెద్ద కత్తెరతో. ఎన్నో ఏళ్ల తరవాత అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదువుతుంటే ఒకచోట ఆగిపోయినాను. సతారాలో ఏ మంగలీ అంటరానివాడికి జుట్టు తియ్యటానికి ఒప్పుకోడు కాబట్టి తమ అక్కే తమకి జుట్టు కత్తిరించేదని ఆయన రాశాడు. డబ్బులు లేక కాదు, మంగళ్లు లేక కాదు. అక్కడ అక్క, ఇక్కడ అమ్మ. అంత పెద్దాయన తల కూడా మా తలల మాదిరే ఒక ఆడమనిషి ఒళ్లో వంగి ఉందని తెలిసి నాకు ఏడుపూ గర్వమూ ఒక్కసారే వచ్చినయ్.

ఒక్క సంగతి ఆలోచించమంటాను. మంగలి పొది తోలుది. కత్తికి పదును పెట్టే పట్టా తోలుది. ఆ తోలు ఊనింది మాదిగవాడు. బ్రష్షు కుచ్చు పందివెంట్రుకలది. మన దగ్గర పందులు మేపేది ఎరుకలవాళ్లు, వాళ్లనీ ఊరి బయటే ఉంచారు. ఉత్తరదేశంలో ఈ వెంట్రుకల వ్యాపారానికి కాన్పూరు పేరుపడ్డది. ఆ పని చేసినవాళ్లు ఖటిక్కులు, వాళ్లూ అంటరానివాళ్లే. పంది మైల, పందిని మేపినవాడు మైల, తోలు మైల, తోలు ఊనినవాడు మైల. కానీ ఆ పందివెంట్రుక పొద్దున్నే పెద్దపెద్దవాళ్ల బుగ్గల మీద నురగలో తిరుగుతుంటే మైల లేదు. మా చేతి వస్తువు వాళ్ల మొహాల మీదికి పోవచ్చు. మా మొహం మాత్రం వాళ్ల కుర్చీలోకి రాకూడదు.

పల్నాడంటే బ్రహ్మనాయుడు పేరు చెప్తారు. మాచర్లలో అన్ని కులాలనీ ఒకే చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టాడంటారు. మాలకన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడంటారు. కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల తిరునాళ్ల జరుగుద్ది, ఈ కథ చెప్పుకుంటారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒకే చాప మీద కూచున్నామని చెప్పుకునే నేల మీద, నా చిన్నతనంలో ఒకే కుర్చీలో కూచోనివ్వలేదు.

మా ఊరి బస్టాపు దగ్గర షాపు 1980 ప్రాంతంలో పెట్టారు. తిరిగే కుర్చీ, ఎదురుగా ఒక అద్దం, వెనక ఒక అద్దం. మేము బయటి నుంచి చూసుకుంటూ పోయేవాళ్లం. అప్పటికి చట్టం వచ్చి పాతికేళ్లు. 1955 చట్టంలో అంటరానితనం పేరుతో షాపులోకి రానివ్వకపోవటం, సేవ చెయ్యనని చెప్పటం నేరం. షాపు అంటే క్షౌరశాల కూడా అని అందులోనే రాసి ఉంది. 1976లో దానికే పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. చట్టం ఢిల్లీలో ఉంది. కుర్చీ మా ఊళ్లో ఉంది.

1985 జులై 17న కారంచేడులో మావాళ్లను తరిమి తరిమి చంపారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. మా పల్లె కుర్రాళ్లం కూడా మీటింగులకి పోయి వచ్చాం. 1986 సంక్రాంతి వెళ్లినాక అయిదుగురం కలిసి ఆ షాపుకి పోయినాం. ముందురోజు రాత్రి మా నాయినతో చెప్పినాను.

"మనకి చేసుకోటం వచ్చుగా. ఆయన కన్నా బాగా చేత్తాను నేను. ఆయన దగ్గరికి పోవటమెందుకు?" అన్నాడు.

"మనకి రావటం వేరు నాయినా, మనల్ని రానివ్వకపోవటం వేరు" అన్నాను.

ఆయన ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే లేచి, మా అయిదుగురికీ నీళ్లు కాచినాడు. "మొహాలు కడుక్కుని పోండి. గెడ్డాలు మాత్రం చేసుకోమాకండి" అన్నాడు. ఆ మాటతో ఆయన మా పక్కే ఉన్నాడని తెలిసింది.

షాపాయన మమ్మల్ని చూసి కత్తెర పక్కన పెట్టినాడు. తిట్టలేదు. బయటికి వచ్చి చిన్నగా చెప్పినాడు. "అబ్బాయిలూ, నాకు మీమీద ఏం లేదు. మీకు చేసిన కత్తి మాకొద్దంటే నేను ఏం తినాలి? మేర ఆగిపోద్ది. కత్తి నాదేగానీ చెయ్యి నాది కాదు." ఆ మధ్యాహ్నమే షాపు మూసేశాడు. కాదు, మూయించారు. మేము అర్జీ రాసి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగాం. కూలికి పిలవటం మానేశారు. మిరప కోతలు పోయినయ్. ఏడువారాల తరవాత షాపు తెరిచారు. చీకటి పడ్డాక వస్తే చేస్తానని షాపాయన కబురు పెట్టినాడు. చీకట్లో వచ్చేదానికైతే మా వేపచెట్టు ఉందిగదా అని కబురు తిప్పి పంపాం. పగటిపూట, వరసలో, ఎవరి వంతు వస్తే వాళ్లు కూచునే రోజు రావటానికి ఇంకో మూడేళ్లు పట్టింది. మంగలి మాకు శత్రువు కాదని నేను అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను. ఆయన్ని మా మీదికి అడ్డుగోడగా నిలబెట్టినవాళ్లు మేర కొలిచి ఇచ్చినవాళ్లు.

మా నాయిన మటుకు ఆ షాపుకి ఒక్కనాడూ పోలేదు. 1994లో కంటి ఆపరేషనుకని నరసరావుపేట మా ఇంటికి తీసుకొచ్చినాను. చెయ్యి వణుకుతోంది. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. మా వీధి చివరి షాపుకి తీసుకుపోయినాను. డెబ్బయ్యేళ్లకి మొదటిసారి మంగలి కుర్చీలో కూచున్నాడు. చేతులు కుర్చీ మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. కుర్రాడు ట్యూబు నుంచి క్రీము పిండి, బ్రష్షుతో నాలుగు తిప్పులు తిప్పి రేజరు అందుకున్నాడు.

"అబ్బాయ్, ఇంకాసేపు నాననియ్" అన్నాడు మా నాయిన.

కుర్రాడు నవ్వి, "పెద్దాయనకి పని తెలుసే. ఏం చేసేవాళ్లు?" అన్నాడు.

"తోళ్లు ఊనేవాణ్ణి."

బ్రష్షు ఒక్క క్షణం ఆగింది. అద్దంలో నేను ఆ కుర్రాడి కళ్లు చూస్తున్నాను. తరవాత అతను బ్రష్షును మళ్లీ నీళ్లలో ముంచినాడు. మళ్లీ మొదటి నుంచి, గుండ్రంగా, నిదానంగా తిప్పినాడు. మా నాయిన అప్పుడు చేతులు తీసి కుర్చీ మీద పెట్టుకున్నాడు. బయటికి వచ్చినాక చెంప తడుముకుని, "పరవాలేదు. మెడకింద తొందర పడ్డాడు" అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు షాపుల్లో మనిషికో కొత్త బ్లేడు వేస్తున్నారు. మా అబ్బాయి డబ్బా నొక్కితే వచ్చే నురగ వాడతాడు. వాడి మెడ మీద పొక్కులు చూసి బ్రష్షు కొనిచ్చాను. పందివెంట్రుకదే. కొత్తలో కాస్త వాసన కొడుద్ది, పదిహేను ఇరవై సార్లు వాడితే చివరలు చీలి మెత్తబడుద్దని చెప్పాను. ఎట్టా నానబెట్టాలో చూపించాను. అది ఎక్కడి విద్యో, ఎవరు ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందో కూడా చెప్పాను. పని ఒక్కటే నేర్పి ఊరుకుంటే సగమే నేర్పినట్టు.

ఇంట్లో చేసుకోవాలా, షాపుకి పోవాలా అన్నది ఇయ్యాల వాడి ఇష్టం. మా నాయినకి అది ఇష్టం కాదు, గత్యంతరం లేకపోవటం. ఆ గత్యంతరం లేనితనంలో నుంచే ఆయన పల్లెకంతటికీ సరిపోయే పనితనం తీశాడు. ఆ పనితనానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. దాని అవసరం తెచ్చిపెట్టిన ఊరికి మాత్రం పెట్టను.